మలుపు కాడ షెల్టర్

తొంభై ఆరు ఎండాకాలంలో, శంషాబాద్ అవతలి ఓ ఊరి చాయ్ హోటల్లో ఇద్దరు వార్డు మెంబర్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఊరికి మంజూరైన బస్ షెల్టర్ తన ఇంటి ముందే పడాలని మూడు నెలలుగా ఇద్దరిదీ ఒకటే పట్టుదల. అయితే ఇద్దరిలో పెద్దాయన నిన్ననే పట్నంలో తగాదాలు తీర్చడం మీద రెండు రోజుల ట్రైనింగు ముగించుకుని, కొత్త తెలివితో దిగాడు.

"తమ్మీ, ఇగ లొల్లి వద్దు. ఏం గావాలె అని గాదు, ఎందుకు గావాలె అని అడగాలెనంట. నీకు షెల్టర్ ఎందుకు, చెప్పు."

"ముసలోళ్లు ఎండకు నిలబడి పరేషాన్ అయితున్నరన్నా."

"మొదటి జవాబు నమ్మొద్దన్నడు మా ట్రైనింగు సారు."

చిన్నాయన చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదాడు. "గోడ మీద మా బాపు పేరు పెద్దగ రాయిద్దామని. మరి నీకు?"

పెద్దాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీ ఇంటి ముందట పడొద్దని."

"నిజం చెప్పాల్నంటే, నాది గూడ గదే అన్నా!"

ఇంత మనసు కలిసిన మనిషితోనా ఇన్నాళ్లు కొట్లాడింది అని పెద్దాయన గుండె కరిగిపోయింది. "అయితే ఇద్దరి ఇండ్లకు దూరంగ, ఊరవతల మలుపు కాడ కట్టిద్దాం. ఒక గోడకు మీ బాపు పేరు, ఇంకో గోడకు మా బాపు పేరు."

"మంచిగున్నదన్నా! గని, ఆ మలుపు కాడ బస్సు ఆగదు గద?"

"ఆగకుంటే ఏమాయె తమ్మీ? మనిద్దరికీ స్కూటర్లున్నయి."