నీలం బండీ, నూరో నంబరు నూలూ

కారు గురించి ఏం తెలుసుకోవాలన్నా పొందూరులో గిరిబాబునే అడగాలని అందరికీ చెప్పింది మరెవరో కాదు, గిరిబాబే. ఆయన ఖాదీ కొట్టు సావుకారు. కొట్లో కూర్చునేది గంట, గోవింద్ టీ బడ్డీ ముందు బల్లమీద కూర్చునేది మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఆయన తిరగని ఊరుండదు, తోలని బండుండదు, తిట్టని ఇంజినీరుండడు. మాటలు కోటలు దాటతాయంటారు. ఈయన మాటలు టోల్‌గేట్లు కూడా దాటతాయి, అదీ ఆగకుండా.

ఆ రోజు పొద్దున్న అప్పలస్వామి వచ్చి బల్ల చివర కూర్చున్నాడంటే మాత్రం కోతలు వినడానిక్కాదు. పదిహేనేళ్లు పొందూరు నుంచి శ్రీకాకుళానికి సర్వీసు జీపు తోలిన మనిషి. జీపు ఇంక పనికిరాదని తేలాక పాత ఇనుముకి ఇచ్చేశాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర కొత్తగా లేచిన ఓ హోటలువాళ్లు, ఒకటో తారీకుకల్లా డిక్కీ ఉన్న కారు తెచ్చుకుంటే ఏడాదంతా మా దగ్గరే తిప్పుకోవచ్చన్నారు. పెద్ద కార్లు తను అందుకోలేడు, చిన్న కార్లు హోటలువాళ్లు ఒప్పుకోరు. మధ్యరకంలో తనలాంటివాడు కొనగలిగినవి మూడు తేలాయి. మూడూ ఒక్కలాగే ఉన్నాయి, మూడు షోరూముల కుర్రాళ్లూ ఒక్కలాగే పొగిడారు. ఇవాళ సాయంత్రంలోగా ఏదో ఒకటి బుక్ చేస్తేనే ఒకటో తారీకుకి చేతికొస్తుంది. పొరపాటు బండి కొన్నాడా, ఈ జన్మలో ఇంకోటి కొనలేడు. వారం రోజులుగా తిండి కూడా సరిగ్గా తినడం లేదు పాపం.

అవసరం వస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు. అప్పలస్వామి గిరిబాబుని సలహా అడిగాడు.

గిరిబాబు గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే గోవింద్ పొయ్యి తగ్గించేస్తాడు, ఓ అరగంట దాకా ఎవరూ టీ అడగరని వాడికి అనుభవం. ఆటో సోములు అప్పటికే పక్కకి జరిగి చోటిచ్చాడు.

“నాను పేపర్లో సదివి సెప్పీవోడిని కాదురా అప్పలసామీ. తోలి సెప్పీవోడిని,” అన్నాడు గిరిబాబు.

మొదట చిన్నగానే ఎత్తుకున్నాడు. పోయిన మే నెలలో వరసగా మూడు రోజులు మూడు షోరూములకీ వెళ్లి మూడు బళ్లూ తోలి చూశాడట. ఇంతవరకూ నమ్మొచ్చు. ఈ రోజుల్లో షోరూము గుమ్మం ఎక్కితే చాలు, కూల్‌డ్రింకు చేతిలో పెట్టి మరీ తోలమంటారు. కంపెనీల పేర్లు మాత్రం చెప్పనన్నాడు. తను ఫలానాది బాగోలేదని నోరు జారితే మర్నాటికి ఆ ఫ్యాక్టరీకి తాళం పడుతుందట, అన్ని కుటుంబాల ఉసురు తనకెందుకట. అందుకని ఎర్రది, తెల్లది, నీలిది అనుకోమన్నాడు. ఏ రంగు బండి ఏ షోరూములో ఉందో అప్పలస్వామికి తెలుసు కనక సరేనని తలూపాడు.

ముందు స్పీడు బ్రేకర్ల సంగతి. మన ఊళ్లో బ్రేకర్లు వేసినవాళ్లు కార్లని చూసి వేయలేదు కదా, లారీలని తలుచుకుని వేశారు. ఎర్రదాన్ని మొదటి బ్రేకరు ఎక్కించగానే కింద గీరుకుందట. తెల్లది సగం ఎక్కి ఆగిపోయి, నలుగురు కుర్రాళ్లు ఎత్తితే గాని దిగలేదట. అప్పలస్వామి దీన్ని శ్రద్ధగా విన్నాడు. వాడికి కావలసింది ఇలాంటి కబురే. మరి నీలిదో అని అడిగాడు. నీలిది బ్రేకరు ఇంకా పది గజాల దూరంలో ఉండగానే పొట్ట లోపలికి లాక్కుందన్నాడు గిరిబాబు.

“బండికి పొట్టేటి సావుకారూ?” అన్నాడు సోములు.

“నీ ఆటోకి నేదురా. కొత్త బళ్లకి ఉంటాది,” అని ఆయన ముందుకెళ్లిపోయాడు.

తర్వాత డిక్కీ. ఎర్రదాంట్లో ధాన్యం బస్తాలు రెండు పట్టాయట, తెల్లదాంట్లో మూడు పట్టి మూత పడలేదట. నీలిదాంట్లో తన కొట్లో ఉన్న పంచెల బేళ్లన్నీ సర్దాడట. ఇంకా చోటు మిగిలితే చీరల బేళ్లు సర్దాడట. ఇంకా మిగిలింది. అప్పుడు తన బామ్మర్దులు నలుగురూ, కార్లో ఇరుకుగా ఉందని సణుగుతున్నవాళ్లు, డిక్కీలోకి మారిపోయి లైటు వేసుకుని పేకాడుకుంటూ వచ్చారట. చిలకపాలెం దగ్గర మూత తీసి టీ కావాలా అని అడిగితే, ఈ ఆట అయ్యాక తాగుతాం వేసెయ్ బావా అన్నారట.

అప్పలస్వామికి ఇక్కడ కొంచెం అనుమానం తగిలింది. కాని మనిషి ఆశ చెడ్డది. నాలుగో వంతు నిజమైనా రెండు పెద్ద సూట్‌కేసులు పడతాయిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మైలేజీ ఎంతిస్తుందో చెప్పమన్నాడు. హోటలు బేరంలో పెట్రోలు తనదే మరి.

మైలేజీ చూడ్డానికి సాలూరు ఘాటీ ఎక్కించాడట. ఎర్రది సగం కొండలో దాహం దాహం అని నిలబడిపోయింది, తెల్లది ఎక్కింది గాని దిగేసరికి టాంకీ ఎండిపోయింది. నీలిది ఎక్కింది, ఒడిశా ముఖం చూసింది, దిగింది. దిగేటప్పుడు పెట్రోలు ముల్లు పైకి లేవడం మొదలెట్టిందట. ఘాటీ కిందకి వచ్చేసరికి టాంకీ నిండి పొంగిపోతుంటే, వెనకాల వస్తున్న ఇద్దరు మోటారుసైకిలు వాళ్లు సీసాలు పట్టుకున్నారట.

“పెట్రోలు ఎక్కణ్ణించి వచ్చిందంటావు?” అన్నాడు గోవింద్ ఉండబట్టలేక.

“అదే మరి టెక్నాలజీ అంటే,” అన్నాడు గిరిబాబు, ఇంత చిన్న సంగతి తెలియనందుకు జాలిపడుతూ.

సరిగ్గా అప్పుడే కన్యాకుమారి వచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా రాట్నం ముందే గడిపింది. వారం వారం వడికిన నూలు చుట్టి, చిలపలు కట్టి, సంచిలో పెట్టుకుని ఖాదీ సంఘంలో అప్పజెప్పడానికి వెళ్తుంది, దారిలో గోవింద్ దగ్గర ఓ టీ తాగుతుంది. ఈవిడ వడికిన నూలే మగ్గమెక్కి, పంచె అయి, చివరికి గిరిబాబు కొట్లో అద్దాల బీరువాలో కూర్చుంటుంది. అప్పలస్వామి లేచి చోటిచ్చినా, మోకాళ్లు వంగవురా, ఈ ఎత్తులో కూకుంటే మరి లెగలేను అని బడ్డీ రాటకి ఆనుకుని నిలబడే ఉంది.

వినేవాళ్లలో ఒకరు పెరిగారు. గిరిబాబు గొంతు కూడా పెరిగింది.

“ఇయ్యన్నీ పిల్లల ఆటలురా. కారు మంచిదా కాదా అన్నది ఎనకాల సీట్లో తెలుస్తాది. కుదుపు ఉందా నేదా? అది సూడ్డానికి నాను ఏటి సేసేనో తెలుసునా? నూరో నంబరు నూలు ఒడికీ ముసల్దాన్ని రాట్నంతో సహా ఎనకాల సీట్లో కూకోబెట్టేను. తల ఎంటిక కన్నా సన్నం పోగు, ఊపిరి గట్టిగా ఇడిస్తే తెగిపోద్ది. ఎర్రదాంట్లో ఈది సివర గొయ్యి కాడే తెగిపోనాది. తెల్లదాంట్లో చిలకపాలెం దాకా ఏడు ముడులు. నీలిదాంట్లో ఎక్కించేను. హైవే ఎక్కేను. వంద, నూట ఇరవై, నూట నలభై. రణస్థలం దాటీసరికి ఓ చిలప. పైడిభీమవరం దాటీసరికి రెండు. పోగు తెగనేదు, ముసల్ది సీట్లోంచి కదల్నేదు. ఆ తర్వాత ఏటైందో తెలుసునా?”

సోములు నోరు తెరిచి కూర్చున్నాడు.

బండి తన ఇష్టం వచ్చినట్టు పోయి పోయి భోగాపురం ఎయిర్‌పోర్టులో దూరిపోయిందట. అప్పటికింకా ఎవరూ రిబ్బను కత్తిరించలేదు, పరీక్షకని ఓ విమానం వచ్చి రన్‌వే మీద పరుగు తీస్తోంది. దాని పక్కనే నీలిది. కాసేపు సమానంగా పోయాయి, తర్వాత నీలిది ముందుకెళ్లిపోయింది. అప్పుడు వెనక సీట్లో నూలు కొస ఒకటి గాల్లోకి లేచి విమానం చక్రానికి చుట్టుకుంది. విమానం ముక్కు పైకెత్తింది. ఎగరాలని చూస్తోంది, ఎగరలేదు. పొందూరు నూలు మరి, తెగితేనా! పైలట్ కిటికీలోంచి రెండు చేతులూ జోడించాడట. గిరిబాబుకి జాలేసి, పోనీలే ఒగ్గీయే అని ముసల్దానితో అంటే, ఆవిడ పళ్లతో కొరికి తెంపిందట. అప్పుడు గాని ఆ విమానం ఆకాశం మొహం చూడలేదు.

“అంచేత నీలిది కొనుక్కో. కళ్లు మూసుకొని కొనుక్కో,” అని గిరిబాబు గ్లాసు అందుకున్నాడు. టీ చల్లారిపోయింది.

అప్పలస్వామి జేబులోంచి సెల్‌ఫోను తీశాడు. విమానం సంగతి వాడు నమ్మలేదు, నమ్మేటంత వెర్రివాడు కాడు. కాని నీలిది, నీలిది, నీలిది అని అరగంటగా చెవిలో పడి పడి మనసు అటే ఒరిగిపోయింది. ఎవరో ఒకరు ఇదీ అని చెప్పేశారు, ఇంక తను ఆలోచించక్కర్లేదు, అదే వాడికి చాలనిపించింది. షోరూము కుర్రాడి నంబరు వెతుకుతున్నాడు.

“ఏసీ ఏసేవా బాబూ?” అంది కన్యాకుమారి.

గిరిబాబు ఆవిడ వైపు చూశాడు. “మే నెల్లో ఏసీ ఏయకుండా ఎలగే? ఫుల్లుగా ఏసేను. ముసల్దానికి సలికి దవడలు కొట్టుకున్నాయి.”

“మరి పోగెలగ వచ్చింది? ఏసీకి గాలి ఎండిపోతే నూరో నంబరు పోగు సాగదు బాబూ, తెగిపోతాది. ఎండలకాలం మేం తలుపులేసుకొని, సుట్టూ తడిగుడ్డలు కట్టుకొని ఒడుకుతాం.”

ఆవిడ గొంతులో వెటకారం లేదు. తనకి తెలిసిన పని, అందులో తనకి తెలియని కిటుకేదో ఉందేమోనని అడుగుతోంది. గిరిబాబుకి అదే మింగుడుపడలేదు. ఏసీ మొదట్లోనే వేశాననీ, తర్వాత కట్టేసి అద్దాలు దించేశాననీ అన్నాడు. నూట నలభైలో అద్దాలు దించితే దూది ఏకులు ఒళ్లో నిలుస్తాయా, తమ ఇంట్లో పిల్లి తుమ్మినా లేచిపోతాయి అంది కన్యాకుమారి. అయితే దించి మళ్లీ మూసేశానన్నాడు. మే నెలలో ఏసీ లేకుండా అద్దాలు మూస్తే చేతులకి చెమట పడుతుంది, చెమట తగిలిన నూలు మాసిపోతుంది, సంఘంలో పుచ్చుకోరు అంది. వేయడానికీ లేదు, కట్టడానికీ లేదు, దించడానికీ లేదు, మూయడానికీ లేదు. గిరిబాబు ఆ కార్లోనే ఇరుక్కుపోయినట్టయింది. నుదురు తుడుచుకున్నాడు.

“పోనీ ఆ మనిషెవులో సెప్పు బాబూ. నానెల్లి నేర్సుకుంతాను,” అంది.

పేరు గుర్తులేదన్నాడు. మీ వీధిలోదేనే, మీలో ఒకర్తి అన్నాడు.

కన్యాకుమారి సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“మా ఈదిలో ఒడికీవోళ్లం పదకొండుమందిమి. మా నూలు అమ్ముకొని కార్లు కొనుక్కున్నోళ్లు ఉన్నారు గాని బాబూ, మమ్మల్ని కారెక్కించినోడు ఈ ఊళ్లో ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఎక్కిస్తే పదకొండిళ్లల్లోనూ ఏడాది పొడుగునా అదే కబురు సెప్పుకోమా?”

గోవింద్ పొయ్యి పెద్దది చేసి గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాడు. గిరిబాబుకి కొట్టు తాళాల సంగతి గుర్తొచ్చింది. చెప్పుల్లో కాళ్లు సరిగ్గా దూరకుండానే లేచి వెళ్లిపోయాడు.

అప్పలస్వామి నంబరు వెతకడం ఆపేశాడు. ఇంకో రెండు నిమిషాలుంటే పదిహేనేళ్ల కష్టం తీసుకెళ్లి, వెనక సీట్లో ఎవరూ కూర్చోని బండిమీద పెట్టేసి ఉండేవాడు. తనమీద తనకే కోపం వచ్చింది. మూడు షోరూములకీ వెళ్లి ముందు సీట్లోనే కూర్చుని, స్టీరింగు పట్టుకుని మురిసిపోయి వచ్చాడు గాని, డబ్బిచ్చి ఎక్కేవాడు కూర్చునేది వెనకాల అన్న సంగతి జీపు తోలినవాడై ఉండి కూడా తోచలేదు. ఫోను జేబులో పెట్టేసి కన్యాకుమారి చేతిలోంచి సంచి అందుకున్నాడు.

“అప్పా, ఈ నూలు సంఘంలో ఇచ్చీసి నాతో రా. సాయంత్రం దాకా టైముంది. ఇమానం దిగినోళ్లు ఎక్కీ బండి కొనాల, మూడు బళ్లల్లోనూ ఎనక సీట్లో నువ్వు కూకో. నువ్వే సెప్పు. కావాలంటే రాట్నం కూడా తెచ్చుకో.”

కన్యాకుమారి నవ్వింది.

“రాట్నమెందుకురా, నా మోకాళ్లు సాలవా? ఏ బండిలోంచి ఎవులూ సెయ్యి ఇయ్యకుండా నానే లెగిసి దిగితే అది కొనుక్కో. ఇమానం దిగీవోళ్లకి మాత్రం మోకాళ్లుండవేటి?”