బెన్హర్ గారు విడిగా దాచిన ప్రతిధ్వని

1994 జూన్ ఆరవ తేదీన కోవూరులోని బాలస్వరం రికార్డింగు కేంద్రంలో సహాయకులుగా చేరిన శ్రీ కొండేటి బెన్హర్ గారు, ఈ నెలాఖరున సౌండు ఇంజినీరుగా పదవీ విరమణ చేస్తున్నారు. బడిపిల్లల కోసం పాఠాలను, పాటలను రికార్డు చేసే ఈ చిన్న సంస్థలోనే వారి యౌవనమూ నడివయసూ గడిచాయి.

టేపుల కాలం ముగిసి కంప్యూటరు వచ్చిన కొత్తలో, మైపాడు నుంచి పోలేరయ్య అనే జాలరి వచ్చి వల లాగే పాట పాడారు. కొత్త యంత్రం మీది ముచ్చటతో బెన్హర్ గారు ఆ గొంతులోనే ప్రతిధ్వనిని కలిపి రికార్డు చేశారు. వినడానికి గంభీరంగా ఉన్నా ఒక్క మాటా పిల్లలకు అర్థం కాలేదు. కలిపినదాన్ని విడదీసే దారీ లేదు. మళ్లీ పాడమని అడగడానికి వారే మైపాడు వెళ్లారు. రికార్డు విన్న పోలేరయ్య, “నా పాటని బావిలో పడేసినావేంది సామీ!” అన్నారు.

“తోడుకుందామనే వచ్చినా అన్నా” అన్నారట బెన్హర్ గారు.

ఆనాటి నుంచి గొంతు ఒక ట్రాకులో, దాని ప్రతిధ్వని వేరొక ట్రాకులో రికార్డు చేయడం వారి పద్ధతి అయింది. పాడేవారి ముఖం చూస్తూ, ప్రతిధ్వనిని చేత్తోనే పెంచుతూ తగ్గిస్తూ ఉండేవారు. “ఎకో కావాలంటే కంప్యూటరు ఎప్పుడైనా ఇస్తాది కదన్నా, మళ్లా దాన్ని రికార్డు చేసేదెందుకు?” అని సహోద్యోగి వాణి గారు ఆటపట్టిస్తే, “రేపు సాఫ్ట్‌వేర్ మారితే ఈ పూట ఎకో మళ్లా దొరకదు తల్లీ” అనేవారు.

నిరుడు వేసవిలో ఆనందకుమారి టీచరు పిల్లల ఉదయగీతం పాడారు. అప్పటికే ఆమెకు ఆరోగ్యం బాగాలేదు. వానాకాలం రాకముందే ఆమె వెళ్లిపోయారు. పాట బడులకు వెళ్లాలంటే పాఠ్యవిభాగంలోని ఉపాధ్యాయుడు విని సరేననాలి. ఆ ఉపాధ్యాయుడు ఆమె భర్తే; ఈ వ్యాసం రాస్తున్నదీ ఆయనే. నెలల తరబడి ఆయన వినలేకపోయారు. చివరికి పాటను మరొకరి చేత పాడించాలని కార్యాలయం నిశ్చయించింది.

ఆ మర్నాటి ఉదయం బెన్హర్ గారు ఆయనను స్టూడియోకి పిలిచారు. “పాట వద్దు సార్. దాని నీడ మాత్రం వినండి” అని, గొంతును ఆపి ప్రతిధ్వని ట్రాకును మాత్రమే వినిపించారు. మంచు ముసిరిన రేవులో, కనిపించని పడవ మీద ఎవరో పాడుకుంటూ వెళ్తున్నట్టుంది. మాటలు లేవు, ఆమె ఉన్నారు. ఊపిరి అందని చోట్ల బెన్హర్ గారు ప్రతిధ్వనిని మెల్లగా పెంచి ఆదుకున్నారు కాబట్టి, ఆమె అలసిన చోటే ఆ ధ్వని అన్నిటికన్నా నిండుగా వినిపించింది.

“ఇక్కడ ఆమెకు దగ్గు వచ్చి ఉండాలే” అన్నారు భర్త.

“వచ్చింది సార్. గొంతు ట్రాకులో ఉంది. వద్దంటే ఆడనే ఉంటాది.”

“వినిపించండి” అన్నారు భర్త.

బెన్హర్ గారు ఆయన వైపు చూడకుండా గొంతును కొద్దికొద్దిగా పెంచారు. దగ్గు వచ్చింది, వెంటనే ఆమె నవ్వు కూడా. ఈ జూన్‌లో ఉదయగీతం ఆనందకుమారి గొంతుతోనే బడులకు వెళ్లింది.

బెన్హర్ గారికి, వారి సతీమణి క్యాథరిన్ గారికి దేవుడు నిండు ఆరోగ్యాన్నీ, దీర్ఘాయువునూ ప్రసాదించాలని, ఇకమీదట ప్రతి ఉదయమూ వారు ఎవరి కోసమూ సరిదిద్దనక్కరలేని శబ్దాల మధ్య హాయిగా మేల్కొనాలని మా అందరి ఆకాంక్ష.