లేని కార్డు ఊడదీత

కొనుగోలుదారులు కూర్చున్న హాలుకి పక్కగది. కంప్యూటర్ ముందు భర్త. అప్పుడే లోపలికి వచ్చిన భార్య.

“ఊడిందా అండీ?”

“ఊడలేదు. కార్డు తగిలించమంటే ఈ మెషీన్ టక్కున తగిలించుకుంది, తీయమంటే పట్టుక్కూర్చుంది. అచ్చం మీ నాన్నే.”

“ఆయన ఊసెందుకు? ఇంట్లో కూర్చునే హాల్లో తెర మీద ఉపన్యాసం మొదలెట్టారు. ఆయన ముగించేలోపు మీది ఊడాలి.”

“అయితే సాయంత్రం దాకా టైముంది.”

“వెటకారాలొద్దు.”

“వెటకారమా? మెషీన్ ఆగకుండా ఈ కార్డు ఊడుతుందని చూపించకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. వీళ్ళు మన సాఫ్ట్‌వేర్ కొనకపోతే కంపెనీ మూసేసి నన్ను తన ఫ్యాన్ల గోడౌన్‌లో కూర్చోబెడతానన్నారు మామయ్యగారు.”

“చల్లగా ఉంటుందిగా.”

“నవ్వకు. అసలక్కడ కంప్యూటరే లేదు, మన సాఫ్ట్‌వేర్ ఆడే నాటకం. కార్డు దూర్చే స్లాటూ లేదు, నెట్‌కి కలిపే నెట్‌వర్క్ కార్డూ లేదు. లేని కంప్యూటర్లోంచి లేని కార్డు తీయడానికి ఇంత బెట్టా?”

“లేదని మనకి తెలుసు. లోపల నడిచే సిస్టమ్‌కి తెలీదుగా. మనం ‘తీయనా’ అని అడగాలి, అది చేతిలో పని ముగించుకుని ‘ఊఁ’ అనాలి. ఆ మర్యాద రాసింది మీరే.”

“రాశాను. ఊఁ అనకపోతే ఏం చేయాలో రాయలేదు.”

“అదేంటి?”

“అడిగితే ఎవరైనా ఊఁ అంటారనుకున్నా. నేనడిగితే నువ్వనలేదూ?”

“రెండేళ్ళు పట్టింది.”

“అంత టైము లేదిప్పుడు.”

“ఊఁ అనట్లేదంటే లోపల ఎవరో ఆ కార్డు వాడుతున్నట్టు. జరగండి, చూస్తాను.”

“చూస్తూ కూర్చుంటే వాళ్ళు లేచిపోతారు. అడక్కుండా లాగే బటనుందిగా.”

“అది ముట్టుకోకండి. లోపలేదో వీడియో కాల్ నడు...”

“లాగేశాను.”

“లాగేశారా?”

“ఊడింది. మెషీన్ ఆగలేదు, గడియారం తిరుగుతూనే ఉంది చూడు. ఏంటలా చూస్తావ్?”

“మనం నడిపే రెండు ఉత్తుత్తి మెషీన్లలో అది ఒకటోదా, రెండోదా?”

“ఒకటోది.”

“హాల్లో కంప్యూటర్ మొరాయించిందని, నాన్న వీడియో కాల్‌కి తెరకి ఒకటోదే కలిపానని పొద్దున చెప్పాను. మీరు ఊఁ అన్నారు.”

“నువ్వేం చెప్పినా ఊఁ అంటాను. విన్నానని కాదు. అంటే ఇప్పుడు నేను పీకేసింది...”

“మీ మామగారిని. కంపెనీ పుట్టుకతో మొదలెట్టి, ఆయన పుట్టుక దాకా వచ్చారు పాపం.”

“తగిలించు. తొందరగా తగిలించు.”

“ఉండండి. హాల్లో ఏంటా చప్పుడు?”

“కుర్చీలు విరగ్గొడుతున్నారా?”

“చప్పట్లండీ.”

“ఎవరో ఇటే వస్తున్నారు. నువ్వు మాట్లాడు.”

“ఎప్పుడూ నేనే... రండి సార్. చిన్న పొరపాటు జరిగింది, ఒక్క నిమిషంలో మా నాన్నగారు మళ్ళీ...”

“పొరపాటేంటమ్మా? మెషీన్ ఆగలేదు, తెర మీద గడియారం ఆగలేదు, ఆయన మాత్రం ఆగారు. కొంటున్నాం. తిరిగి తగిలించడం మాత్రం, మేం భోంచేసి వెళ్ళిపోయాక చూసుకోండి.”