నగరం నడిబొడ్డున మా చక్రాలమ్మగారు

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం జూన్ నెల ఆరవ తేదీ, సోమవారం ఉదయం, రైల్వే స్టేషను ముఖద్వారం పక్కనున్న పర్యాటక సమాచార కేంద్రంలో సహాయకురాలిగా వారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఎత్తైన ఒక స్టూలు, ముందొక గాజు కిటికీ, వెనుక గోడకు అంటించిన నగర పటం వారికి అప్పగించిన సామగ్రి కాగా, కూర్చున్న చోటి నుంచి కదలకుండా అడిగినవారికి దారి చెప్పడం వారికి అప్పగించిన విధి. మధ్యాహ్నానికల్లా స్టూలు ఖాళీ అయింది. వెతుక్కుంటూ వెళ్ళిన పర్యవేక్షకునికి ఆమె రెండు వీధుల అవతల, దారి అడిగిన వృద్ధ దంపతుల పెట్టె మోసుకుంటూ ఎదురయ్యారు. కాళ్ళకేమైనా చక్రాలున్నాయా అని ఆయన మండిపడగా, ఈ ఊళ్ళో దారులు చెబితే అర్థమయ్యేవి కావని, చూపించవలసినవేనని ఆమె వినయంగా విన్నవించుకున్నారట. సంజాయిషీ కోరుతూ ఆనాడే ఒక మెమో అందింది. ఆనాడే ఒక పేరూ స్థిరపడింది. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా అదనపు సంచాలకులను ఈ కార్యాలయంలో చిన్నా పెద్దా అందరూ, వారు వినబోరన్న ధైర్యంతో, చక్రాలమ్మగారు అనే పిలుచుకున్నాం. వారు వింటూనే ఉన్నారని మొన్న తెలిసింది.

ఆ రోజుల్లో నగరం నడిబొడ్డు ఎలా ఉండేదో నేటి యువ సహోద్యోగులకు తెలియకపోవచ్చు. పాత బజారు వీధిలో కింద దుకాణాలు, వాటిపై మూడేసి అంతస్తుల నివాసాలు. పెద్ద దుకాణాలు ఒక్కొక్కటిగా ఊరి బయటి కొత్త రహదారి వెంట వెలసిన భవనాలకు తరలిపోగా, వాటి వెనుకే ఉద్యోగాలు, ఉద్యోగాల వెనుకే కుటుంబాలు వెళ్ళిపోయాయి. సినిమా హాలు మూతపడింది. పట్టపగలే బిక్కుబిక్కుమనే ఆ వీధిలోంచి నడవవద్దని, టాక్సీలో చుట్టూ తిరిగి పొమ్మని పర్యాటకులకు చెప్పవలసిందిగా మా శాఖే ఆదేశించింది. ఊరు చూడవచ్చినవారిని ఊరు దాటించి పంపడం ఏమి మర్యాదో ఆమెకు అంతుపట్టలేదు. సెలవు రోజుల్లో స్వయంగా కాలినడక యాత్రలు నడుపుతామని అర్జీ పెట్టుకున్నారు. పెట్టిన అర్జీ చెవిలో జోరీగలా పై అధికారులను విడువకపోవడంతో, పీడ వదిలిపోతుందని అనుమతి ఇచ్చారు. మొదటి యాత్రకు వచ్చినవారు ముగ్గురు. వారిలో ఒకరు బస్సు తప్పిపోయి వచ్చినవారు.

ఆ ముగ్గురు ముప్పై మంది, మూడు వందల మంది కావడానికి కొన్నేళ్ళు పట్టింది. ఈలోగా శాఖాపరమైన పరీక్షలన్నీ గట్టెక్కి వారు ప్రణాళికా విభాగానికి వచ్చారు. నేను ఈ కార్యాలయంలో చేరినదీ, వారి కింద పనిచేసే భాగ్యం కలిగినదీ అప్పుడే. సమావేశం ఎంతటిదైనా వారు కిటికీ దగ్గర నిలబడే పాల్గొనేవారు. ఫైలు చదువుతూ వరండా ఈ కొస నుంచి ఆ కొసకు పచార్లు చేసేవారు. లెక్కల ఉపాధ్యాయులైన వారి శ్రీవారు ఒకసారి మాతో అన్న మాట నేటికీ మరువలేను: "మా ఇంట్లో కుర్చీలు కొన్నవి కొన్నట్టే ఉన్నాయి బాబూ. చెప్పులే, నెలకో జత."

వీధిలోకి కార్లు రాకుండా ఆపాలని వారు ప్రతిపాదించినప్పుడు వర్తకులు భగ్గుమన్నారు. కారు గుమ్మం ముందు ఆగకపోతే కొనేవాడు దుకాణంలోకి ఎలా వస్తాడని వారి వాదన. కారులో పోయేవాడు అసలు ఎన్నడు ఆగాడని ఈమె ప్రశ్న. వర్తక సంఘం అధ్యక్షులైన టోపీల దుకాణం యజమానిని చేయి పట్టుకున్నంత పని చేసి వీధి పొడవునా నడిపించి, మూసిన ప్రతి తలుపు ముందూ ఆపి, ఇక్కడ ఎవరుండేవారని అడిగారు. ఆయన జవాబులు చెబుతూ చెబుతూ సగం వీధిలోనే టోపీ తీసి చేతపట్టుకున్నారు. ఆ నెలే సంఘం అంగీకరించింది. కొత్త దీపాలు వచ్చాయి. గోడలకు రంగులు వచ్చాయి. మూతపడిన సినిమా హాలు ప్రదర్శనశాలగా తెరుచుకుంది. అటు తర్వాత జనం ఎంతగా వచ్చారంటే, విదేశీ పత్రికలు మన వీధి బొమ్మలు ముఖచిత్రాలుగా వేశాయి. పురస్కారాలు వచ్చాయి. మేమందరం సంబరాలు చేసుకుంటుండగా వారు మాత్రం కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతూనే ఉన్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని మమ్మల్ని మందలించేవారో, తమను తాము హెచ్చరించుకునేవారో నాకు బోధపడేది కాదు.

ఇక్కడ ఒక సంఘటన చెప్పక తప్పదు. వీధి పునరుజ్జీవనంలో రెండవ దశ పథకం అప్పటికి సిద్ధమైంది. పై అంతస్తులన్నింటినీ పర్యాటకుల వసతి గదులుగా మార్చే ఆ పథకానికి రూపకల్పన చేసినవారు సాక్షాత్తూ మా చక్రాలమ్మగారే. నగర సభ ఆమోదముద్రకు వారం రోజులే గడువుండగా, పెట్టుబడిదారుల బృందాన్ని నాటి డైరెక్టరుగారు స్వయంగా వీధి చూపించడానికి తీసుకువచ్చారు. ఆయన ఒక బాల్కనీ కింద నిలబడి, ఈ వీధికి పాత వైభవమంతా తిరిగి వచ్చిందని వివరిస్తున్నారు. సరిగ్గా అప్పుడే మూడవ అంతస్తు నుంచి బకెట్టు నీళ్ళు ఆయన నెత్తిన పడ్డాయి. గురి తప్పలేదు.

పోలీసులను పిలవమని ఆయన ఆజ్ఞాపించారు. తాము వెళ్ళి మాట్లాడి వస్తామని ఈమె బతిమాలుకుని, నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కారు. దారి పొడవునా ఇళ్ళకు తాళాలు, పథకం రాకముందే దిగుతున్న పర్యాటకుల కోసం తలుపులకు అంకెల మీటల తాళంచెవి పెట్టెలు. ఒక్క గుమ్మం ముందు మాత్రం చెప్పులున్నాయి. తలుపు తీసిన పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"మొక్కలకు పోశానంటే నమ్ముతారా?"

"మొక్కలేవీ లేవు కదా పెద్దమ్మా," అన్నారు ఈమె.

"అందుకే నమ్మరంటున్నా. రండి, లోపలికి రండి."

ఆ ముందుగదిలో మంచం, దాని పక్కన ఆక్సిజన్ సిలిండరు, గోడన భర్తగారి ఫొటో ఉన్నాయి. ఆయన పోయి రెండు నెలలైందట. ఆవిడ మాకు మంచినీళ్ళిచ్చి, కోపం లేకుండానే చెప్పుకుపోయారు.

"బట్టలారేస్తే ఫొటో. కిటికీ తీస్తే ఫొటో. మా ఆయన్ని స్ట్రెచరు మీద కిందికి దింపుతుంటే కూడా ఎవరో ఫొటో తీశారమ్మా. వీధి బాగుపడిందంటారు, సంతోషమే. కింద మందుల షాపు పోయి బొమ్మల షాపొచ్చింది. నాకు తలనొప్పొస్తే ఏ బొమ్మ మింగమంటారు? ఆరోజు ఆయనకి ఊపిరాడట్లేదని ఈ అంతస్తులో ప్రతి తలుపూ కొట్టాను. ఒక్క తలుపు తెరుచుకుంది. పాపం వాళ్ళకి నా భాష రాదు, పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళు."

నేను వారి వైపు చూశాను. ఏ సభలోనూ కుదురుగా కూర్చుని ఎరుగని మనిషి, ఆ మంచం అంచున కూర్చుండిపోయారు. కింద డైరెక్టరుగారు తడిబట్టలతో ఎదురుచూస్తున్నారని గుర్తుచేసినా లేవలేదు. భర్తగారు ఏం చేసేవారని అడిగారు. అద్దాలు బిగించే పని అని, ఈ వీధిలో సగం కిటికీలు ఆయన చేతివేనని ఆవిడ చెబుతుంటే చివరంటా విన్నారు. కిందికి దిగి, పోలీసులు అక్కర్లేదని డైరెక్టరుగారిని ఒప్పించాక మాత్రం ఆ వీధిలో ఒక్క క్షణం నిలవలేకపోయారు. ఎటు వెళ్తున్నామో చెప్పకుండా ఎంత దూరం నడిచారో, వెనుక పరుగు తీసిన నాకే తెలుసు.

మర్నాడు పథకాన్ని ఉపసంహరించుకోవాలని డైరెక్టరుగారిని కోరారు. ఇది మీరు తయారుచేసింది కాదా అని ఆయన నిలదీశారు. "నాదే సార్. అందుకే ఆపమని అడిగే హక్కు అందరికంటే ముందు నాకుందనుకుంటున్నా" అని వీరి జవాబు. ఆయన ససేమిరా అన్నారు. పెట్టుబడిదారుల మాట పోతుందన్నారు, శాఖ పరువు పోతుందన్నారు, ఆపైన మీ పదోన్నతి కూడా పోతుందని మెల్లగా అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. అదనపు సంచాలకుల పదవికి నాడు వారి పేరే వరుసలో ముందుంది. కుమార్తె వైద్య విద్య అప్పుడే మొదలైంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ వారమంతా భోజనం మధ్యలో లేచి కిటికీ దగ్గరకు వెళ్తున్నారని వారి శ్రీవారు నాకు ఫోనులో చెప్పి, ఏం జరిగిందని అడిగారు. నేను చెప్పాను. అయితే మా ఆవిడ నిర్ణయం అయిపోయినట్టే, అన్నం తినడమే మిగిలింది అన్నారు.

నగర సభలో పథకాన్ని సమర్థించడానికి పిలిపించబడిన అధికారి, దానిని ఆపమని కోరడం ఆ సభ అంతకు ముందు ఎరుగదు. పర్యాటకులు వద్దంటారా అని సభ్యులొకరు ఎగతాళిగా అడిగారు. వీరు నిండు సభలో నిలబడి జవాబిచ్చారు.

"కావాలండీ, రావాలి. కానీ అతిథి రావాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా."

పథకం ఓటుకు రాకుండానే వాయిదా పడింది. నెల తిరక్కుండా వీరికి ఊరి చివర గణాంకాల విభాగానికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. అది కిటికీ లేని గది. పదోన్నతి మరొకరికి దక్కగా, ప్రణాళికా విభాగంలో వీరి స్థానం నాకు వచ్చింది. ఆ కుర్చీలో ఎలా కూర్చునేదని నేను తటపటాయిస్తుంటే, "కూర్చో నాయనా, నాకెలాగూ కూర్చోవడం రాదు" అని నవ్వించి, ఒక పెట్టెలో తమ సామాను సర్దుకుని వెళ్ళారు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఊరి చివరి నుంచి బస్సెక్కి పాత బజారుకు వచ్చేవారు. ఏ మేడలో కొత్త తాళం పడింది, ఏ దుకాణం ఖాళీ అవుతోంది అన్నది మర్నాటి ఉదయం ఫోనులో నాకు చెప్పేవారు. చేయగలిగిందేమీ లేకపోయినా చూడకుండా ఉండలేని ఆ తపన, అది చూస్తున్న మాకూ అంటుకుంది. మాలో కొందరం మధ్యాహ్నపు విరామాల్లో కూర్చుని రెండవ దశ పథకాన్ని మళ్ళీ మొదటి నుంచి రాయడం ప్రారంభించాం. ప్రతి పుటా వారికి పంపేవాళ్ళం. ప్రతి పుటా కొట్టివేతలతో తిరిగొచ్చేది.

నాలుగేళ్ళ తర్వాత కొత్త డైరెక్టరుగారు వచ్చి, ఆ ప్రతిని చదివి, వారిని అదనపు సంచాలకులుగా వెనక్కి పిలిపించారు. నేడు పాత బజారులో మందుల దుకాణానికి, పాల దుకాణానికి, క్షౌరశాలకు తక్కువ అద్దెపై చోటు కేటాయించబడింది. పై అంతస్తుల్లో సగం ఇళ్ళు నివాసులకే. వీధి పెత్తనంలో నివాసుల సంఘానికి ఓటుంది. పర్యాటకులు తగ్గలేదు. కిందటి ఏడు పెరిగారు కూడా.

అయినా అంతా సుఖాంతమైందని రాస్తే వారు ఒప్పుకోరు. ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి, ఆ పెద్దావిడ సంగతి కూడా రాయమన్నారు. వారు వెనక్కి వచ్చేనాటికే ఆవిడ ఆ ఇల్లు ఖాళీ చేసి, ఊరి బయట చెల్లెలి ఇంటికి చేరిపోయారు. మా మేడంగారు వెతికి పట్టుకుని, అదే ఇల్లు అదే అద్దెకు సిద్ధంగా ఉంది, రండి అని పిలిచారు. ఆవిడ ఆదరంగా చేయి పట్టుకుని చెప్పారట: "ఇక్కడ నాకు పక్కింటివాళ్ళు దొరికారు తల్లీ. మళ్ళీ వాళ్ళని వదిలి రమ్మనకు." ఆ మాట మాకు చెప్పి మేడంగారు వరండాలోకి వెళ్ళిపోయారు. అడుగుల చప్పుడు చాలాసేపు వినిపించింది.

విరమణ తర్వాత ఏం చేస్తారని గత వారం మేమందరం అడిగాం. పుస్తకాలు చదువుకుంటారనో, కుమార్తె దగ్గరకు వెళ్తారనో ఊహించాం. అప్పుడు బయటపడింది అసలు సంగతి. దంపతులిద్దరూ పాత బజారులో మూడవ అంతస్తున ఇల్లు అద్దెకు తీసుకున్నారు. సామాను కూడా చేరిపోయింది. శ్రీవారికి మెట్లతో పేచీ ఉందని, అయితే గెలుపు ఎవరిదో ఆయనకు పెళ్ళినాడే తెలుసని వారే సెలవిచ్చారు. నివాసుల సంఘంలో సభ్యత్వం తీసుకున్నారు. "ఇన్నేళ్ళూ ఫిర్యాదులు విన్నాను. ఇక పెడతాను" అన్నారు. మొదటిది నిన్ననే అందింది. పేవ్‌మెంటు మీద పరిచిన రాళ్ళు గరుకుగా ఉండడం వల్ల పర్యాటకుల సూట్‌కేసుల చప్పుడుకు తెల్లవారకుండానే మెలకువ వస్తోందని, బాధ్యులెవరో విచారించాలని అందులో ఉంది. ఆ రాళ్ళను ఎంపిక చేసినవారి సంతకమూ, ఫిర్యాదు కింది సంతకమూ ఒకటే.

మాననీయులైన మా చక్రాలమ్మగారికి, వారి శ్రీవారికి, కార్యాలయ సిబ్బంది అందరి పక్షాన ఇదే మా అభివందనం. ఆ మూడంతస్తుల మెట్లు వారిని ఎన్నడూ అలసట పెట్టకుండు గాక. మందుల దుకాణం గుమ్మం ముందే ఉన్నా దానితో పని పడకుండు గాక. నిండు ఆరోగ్యంతో, నూరేళ్ళ ఆయుష్షుతో, ఇరుగుపొరుగుల నడుమ ఆ కిటికీ తెరిచి మాపై కోప్పడుతూనే ఉందురు గాక. ఫిర్యాదు అందిన ప్రతి ఉదయం మా మేడంగారు క్షేమమని తెలుసుకుంటాం. అందని ఉదయం, ఫైళ్ళు అక్కడే వదిలి, అందరం మెట్లెక్కి వస్తాం.