ఒకే దారంతో కుట్టిన రెండు దరఖాస్తులు

1990 ఆగస్టు 6, సోమవారం నాడు కణేకల్ శాఖలో వ్యాయామ శిక్షకులుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ నరసింహప్ప గారు, ముప్పై అయిదేళ్ల నిష్కళంక సేవానంతరం గత నెలాఖరున మన పెన్నాతీర క్రీడా సమితి నుండి పదవీ విరమణ పొందారు. వారి సౌమ్యతను, సమయపాలనను తక్కిన మిత్రులు ఈ సంచికలో కొనియాడుతున్నారు కనుక, నేను వారికి జరిగిన అన్యాయం గురించి రాస్తాను. అభినందన సంచికలో చేదు మాటలెందుకని సంపాదకులు వారించారు. అన్యాయం చేసినది మన కార్యాలయమే అయినప్పుడు ఇంకెక్కడ రాయమంటారు?

కణేకల్‌లో ఖోఖో, శింగనమలలో కబడ్డీ నేర్పి ఎందరినో క్రీడాకారులుగా తీర్చిదిద్దిన వారు, 2003లో అనంతపురం ప్రధాన కార్యాలయానికి బదిలీపై వచ్చారు. వానలు లేక ఊళ్లు వలసపోయిన ఏడాది సైతం, మిగిలిన నలుగురితోనే సాధన సాగించిన పట్టుదల వారిది.

2022లో వారు టీవీలో మిశ్రమ జంటల కర్లింగ్ చూశారు. మంచుపై గ్రానైట్ రాయిని జార్చి, దూరాన గీసిన వలయం నడుమ నిలిపే ఆట అది. జంటలో ఒక స్త్రీ, ఒక పురుషుడు తప్పనిసరి. "రాయి మన నేలలోనే ఉండాది. లేనిదల్లా మంచే కదమ్మా" అన్నారు నాతో. కార్యాలయమంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను. సోమందేపల్లెలో గ్రానైట్ పాలిష్ పని చేసే జిలాన్ బాషా గారు మాత్రం నవ్వలేదు. రాళ్లు గుండ్రంగా చెక్కి, మంచు లేని గచ్చుపైనా జారేలా అడుగున బేరింగులు బిగించి ఇచ్చారు. వారి కుమార్తె షమా, శింగనమల యువకుడు మల్లికార్జున, పంట లేక ఖాళీగా పడివున్న వేరుశనగ గోదాము గచ్చుపై మూడేళ్లు సాధన చేశారు. నరసింహప్ప గారు తమ సెలవులన్నీ వెచ్చించి, ఏటా వారిని మంచు మైదానమున్న ఉత్తరాది ఊరికి తీసుకువెళ్లేవారు.

ప్రపంచ పోటీలో నేరుగా ఆడే దేశాలు కొన్నే. తక్కినవి ముందుగా అర్హత పోటీ ఆడాలి, అందులో పైన నిలిచిన కొద్ది జట్లకే ప్రవేశం. ఆ అర్హత పోటీకి దేశానికొక్క జంటే వెళుతుంది. ఆ జంట జాతీయ ఎంపికలో గెలవాలి, అక్కడికి రాష్ట్రం పేరు పంపాలి, రాష్ట్రానికి మన సమితి పంపాలి. ఇన్ని మెట్లలో మొదటి మెట్టు మన బల్ల మీదే ఉంది.

నిరుడు ఆ మెట్టు దగ్గరే ఆ జంటను పడదోశాం. పురుషుల దరఖాస్తులు మొదటి సెక్షనుకు, స్త్రీలవి రెండవ సెక్షనుకు పంచడం మన సమితి పుట్టిన నాటి ఆచారం. ఆ ప్రకారమే ఆ జంట దరఖాస్తులు చెరొక దారి పట్టాయి. గడువు ముగిశాక రెండూ తిరిగి వచ్చాయి. షమా దానిపై 'పురుష భాగస్వామి లేనందున తిరస్కరించడమైనది', మల్లికార్జున దానిపై 'మహిళా భాగస్వామి లేనందున తిరస్కరించడమైనది'.

"ఇద్దరం ఒగే బస్సులో వచ్చి ఇచ్చినాం గదా సార్. వాడు నా పక్కనే నిలబడినాడు. లేడని ఎట్ల రాసినారు?" అని కార్యాలయానికి వచ్చి నరసింహప్ప గారిని అడిగింది షమా.

వారు నా వైపు తిరిగారు. "ఏమ్మా మల్లీశ్వరీ, ఇరవై ఏండ్లుగా ఈడ పనిచేస్తాండావు. ఆట పేరు కూడా సదవకుండా పంచేసినావా?"

"చదవలేదు సార్" అన్నాను. ఒక ఆడపిల్ల రెండేళ్ల చెమట నా చేతుల మీదుగానే మట్టిపాలయింది. విచారణ వేసినవారు లేరు, క్షమాపణ చెప్పినవారు లేరు. సిగ్గుచేటు!

ఈ ఏటి గడువు సరిగ్గా నరసింహప్ప గారి పదవీ విరమణ దినమే. మరునాటి నుండి వారి సంతకం చెల్లదు, ఆ ఆట తెలిసి సంతకం పెట్టగల శిక్షకులు మన దగ్గర మరొకరు లేరు. సాయంత్రం శాలువాలు, దండలు సిద్ధమవుతుంటే వారు నా బల్ల దగ్గరకు వచ్చి, రెండు దరఖాస్తుల మీద సంతకాలు చేసి, జేబులోంచి దబ్బనం, దారం తీసి నా ముందు పెట్టారు.

"నువ్వే కుట్టమ్మా. తెంపినోళ్లే కుట్టల్ల."

నాలుగు వైపులా కుట్టాను. కుట్లు గట్టిగానే పడ్డాయి. ఆ సాయంత్రమే రాష్ట్రానికి పంపాను. మూడవ నాడు రాష్ట్ర కార్యాలయం నుండి ఫోను వచ్చింది: కుట్టు విప్పి, స్త్రీ పురుషుల దరఖాస్తులు వేర్వేరుగా పంపాలట. "విప్పేది లేదు సార్. విప్పితే ఏ సెక్షనులో విప్పినారో రాసి సంతకం పెట్టి పంపండి" అన్నాను. నిన్న రసీదు వచ్చింది. అందులో ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో ఉన్నాయి.

శ్రీ నరసింహప్ప గారికి, వారి ధర్మపత్ని చౌడేశ్వరమ్మ గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు ప్రసాదించమని భగవంతుణ్ణి వేడుకుంటున్నాను. ఇది మాటవరసకు కోరుతున్నది కాదు. షమా, మల్లికార్జున ఇంకా ఎక్కవలసిన మెట్లున్నాయి, ఒక్కో మెట్టు దగ్గర నావంటి గుమాస్తా ఒకరు కూర్చుని ఉంటారు. మేము కదిలే వేగానికి, ఆ పిల్లలు పైమెట్టు ఎక్కడం చూడటానికి నరసింహప్ప గారికి నూరేళ్లూ అవసరమే.