మొదట నాకే చెప్పు

బెంగళూరు ఆస్పత్రి నుంచి మాలూరుకు తిరిగొచ్చే రైల్లో తల్లి నెమ్మదిగా కూతుర్ని అడిగింది.

“గడ్డ తీసేసి రెండేండ్లాయె. స్కానింగులో ఏమీ లేదన్నారు. ఇంగ డాక్టరు నిన్ను పక్కకు పిలిచి ఏం చెప్పినాడు?”

“నీ రక్తంలో ఒక ప్రోటీన్ పెరిగుండాదమ్మా. గడ్డ మళ్లీ వచ్చే ముందు అది పెరగొచ్చంట.”

“అంటే వస్తాదా?”

“ఇప్పుడే చెప్పలేమన్నాడు. వచ్చే నెల మళ్లీ రక్తం చూస్తారు. ఇంకా పెరిగితే, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వెతికి పట్టుకోవచ్చంట.”

“నీకు ఇప్పుడే తెలిసిందా?”

“లేదమ్మా. పోయిన వారం రిపోర్టు ఫోన్‌కు వచ్చినాది. నువ్వు భయపడతావని చెప్పలేదు.”

“వారమంతా నువ్వొక్కదానివే భయపడినావా?”

“ఊఁ.”

“రక్తం నాదమ్మా. నాకు చదవను రాదు, నువ్వే చదువు. కానీ మొదట నాకే చెప్పు. ఇద్దరం కలిసి భయపడదాం.”