నోట్లో దూది ఉండగా ఇచ్చిన ఉద్యోగం

(సాయంత్రం. వంటగది బల్లకి అటు అత్తగారు, ఇటు కోడలు. మధ్యలో ఒలుస్తున్న బఠాణీలు, బోర్లా పెట్టిన అత్తగారి ఫోను.)

"జ్వరం అని చెప్పేయ్."

"ఎవరికి, జ్వరం?"

"నాకే."

"ఏదీ, చెయ్యి ఇటివ్వండి. అత్తయ్యా, మీ చెయ్యి నా చెయ్యి కన్నా చల్లగా ఉంది."

"బఠాణీలు ఫ్రిజ్‌లోంచి తీశావు కదే, అందుకు. లోపల కాలిపోతోంది."

"లోపల కాలేది జ్వరం కాదు, భయం."

"ఏదో ఒకటి. డాక్టరు గారికి ఫోన్ చేసి, మా అత్తగారికి జ్వరం, రేపు రాలేరు అని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు."

"రేపు రాలేరు. సరే. మరి ఎల్లుండి?"

"ఎల్లుండికి ఎక్కువవుతుంది."

"అబ్బ! ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆయనే ఇంకెవర్నో చూసుకుంటాడు. చిన్నవాడు, చదువుకున్నవాడు, ఆయనకి మనుషులు దొరకరా?"

"పాపం రేపే కదత్తయ్యా ఆయన క్లినిక్ తెరిచేది! తాళంచెవి కూడా మీ చేతికిచ్చాడు."

"ఆయన దగ్గర ఇంకోటి ఉందిలే."

"అసలు వెళతానని ఒప్పుకున్నది ఎవరు?"

"ఎక్కడ ఒప్పుకున్నానే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఆ పెద్దాస్పత్రిలో కుర్చీలో వెనక్కి పడుకోబెట్టాడు. దవడ పన్ను పీకాడు. నోటినిండా దూది కుక్కాడు. కుక్కి, అప్పుడడిగాడు. 'అమ్మా, నేను సొంతంగా క్లినిక్ పెట్టుకుంటున్నాను, ముందు బల్ల దగ్గర మీరు కూర్చుంటారా? ఫోన్ ఎత్తడం, వచ్చినవాళ్ళని పలకరించడం, అంతే' అని. నోట్లో దూది పెట్టుకుని ఎవరైనా ఏం చెప్పగలరు? తల అడ్డంగా ఊపుదామంటే ఆ కుర్చీ నా తలని పట్టేసింది. కళ్ళు ఇంతవి చేసుకుని చూశాను. 'థాంక్స్ అమ్మా' అనేశాడు."

"మర్నాడు చెప్పొచ్చుగా, రానని."

"మర్నాడు బుగ్గ వాచిపోయింది."

"వాపు తగ్గాక?"

"వాపు తగ్గాక తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. తాళంచెవి చేతిలో పెట్టిన మనిషితో రానని ఎలా చెప్తామే, నువ్వయితే చెప్తావా?"

"చెప్పను. వెళతాను."

"నువ్వు వెళతావు. నీకేం, రోజూ ఉద్యోగానికి వెళ్ళేదానివి."

"అత్తయ్యా, ఆ రోజు నేనూ ఉన్నాను ఆ హాల్లో. బుగ్గలు పట్టుకుని అందరూ ఉరిశిక్ష పడ్డవాళ్ళలా కూర్చున్నారు. ఆ లావుపాటాయన తలుపు దాకా వెళ్ళి పారిపోబోయాడు కూడా. మీరు ఆయన్ని కూర్చోబెట్టి, చిన్నప్పుడు మీ అన్నయ్య మీ పాలపన్నుకి దారం కట్టి, ఆ దారం తీసుకెళ్ళి తలుపుకి కట్టిన సంగతి మొదలెట్టారు. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆయన తన వంతు రాగానే తనే లేచి లోపలికి వెళ్ళాడు. డాక్టరు చూశాడు అదంతా."

"అవి కబుర్లే! కబుర్లకి ఉద్యోగమేమిటి, నవ్విపోతారు."

"భయం ఎందుకో ఒక్కసారి సరిగ్గా చెప్పండి. జ్వరం సంగతి పక్కన పెట్టి."

"ఏం చెప్పను... ఇంట్లో కూర మాడిస్తే నువ్వూ, మావాడూ ఏమీ అనకుండా తినేసి లేస్తారు. బయటివాళ్ళు ఊరుకుంటారా? ఈ వయసులో అడిగిందే అడుగుతూ, తప్పు చేస్తూ... పైగా ఆ ఫోనొకటి. మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ మోగితే ఆయనే ఎత్తేవారు. ఆయన పోయాక నువ్వు ఎత్తుతున్నావు. మనిషి ఎదురుగా ఉంటే పొద్దస్తమానం మాట్లాడతాను నేను. మొహం కనపడకుండా ఎవరిదో గొంతు చెవిలోకి వచ్చేసరికి నా గుండె దడదడలాడుతుందే. నిజంగా."

"అందుకేగా ప్రాక్టీసు చేస్తున్నాం."

"ఆ చేసిన రెండూ చూశావుగా!"

"చూశాను. పడగ్గదిలోంచి ముసలాయన గొంతుతో ఫోన్ చేసి పన్ను నొప్పి అంటే మీరేమన్నారు?"

"ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను."

"ఇంకా?"

"రెండ్రోజులు చూసి, తగ్గకపోతే రమ్మన్నాను."

"క్లినిక్ తెరిచిన మొదటి రోజు. మొట్టమొదటి పేషెంటు. రావద్దన్నారు."

"ఊరికే తగ్గిపోయేదానికి పాపం పీకించుకోవడం ఎందుకే!"

"రెండోసారి?"

"రెండోసారి నువ్వు మరీ కయ్యానికొచ్చావు."

"కోపంగా ఉన్న ఒకావిడలా చేశాను. మీరేమన్నారు?"

"...రాంగ్ నంబర్ అన్నాను."

"అని పెట్టేశారు. నేను వచ్చి, నా ఫోన్ ఫ్రిజ్ మీద చార్జింగ్‌లో పెట్టి చూస్తే, మీరు ఇంకా వణుకుతున్నారు."

"అందుకే చెప్తున్నా, జ్వరం అని..."

"ఇంకొక్కసారి. ఇదే ఆఖరు. ఇది కూడా బాగా రాకపోతే నేనే ఫోన్ చేసి, మా అత్తగారికి నూట మూడు జ్వరం అని చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు. కానీ పడగ్గదిలోంచి చేస్తుంటే నా గొంతు గోడ అవతల నుంచీ వినిపించి మీకు నవ్వొస్తోంది. ఈసారి కిందికి, గేటు దగ్గరికి వెళ్ళి చేస్తాను. ఫోను ఇలా బోర్లానే ఉండాలి. పేరు చూడకూడదు. అక్కడ బల్లమీది ఫోన్లో పేర్లు రావు."

"చూడను."

"రాంగ్ నంబర్ అనకూడదు. అవతలివాళ్ళు పెట్టేదాకా మీరు పెట్టకూడదు."

"వాళ్ళు ఎంత వాగినా?"

"ఎంత వాగినా. వైద్యం చెప్పకూడదు."

"నోరు కుట్టేసుకుంటాను, సరేనా? నువ్వెన్ని గొంతులు పెట్టినా గుర్తుపడతాను."

"చూద్దాం. కాలేజీ నాటకాల్లో మగ వేషాలన్నీ నావే."

"నిన్ను చేసుకోవడానికి మావాడు ఎలా ఒప్పుకున్నాడే!"

"ఎక్కడ ఒప్పుకున్నారు? ఆయన గొంతుతో నేనే 'సరే' అనేశాను. వెళ్ళొస్తా. స్టవ్ మీద నీళ్ళు చూసుకోండి."

"వెళ్ళు వెళ్ళు... ఎంతసేపే, మెట్లు దిగుతోందా, కడుతోందా... అమ్మో, మోగింది. మోగింది. పేరు చూడకుండా, కళ్ళు మూసుకుని ఎత్తుతున్నా. హలో! నమస్కారమండీ, పళ్ళ క్లినిక్! చెప్పండి!"

"అమ్మా... నేనమ్మా. డాక్టర్ని."

"అబ్బో! ఈసారి ఏకంగా డాక్టరే! భలే మార్చావే గొంతు. అచ్చం ఆయనలాగే నీళ్ళు నములుతున్నావు."

"గొంతా... అవునమ్మా, మారినట్టుంది. అదే చెబుదామని చేశాను. నాకు కొంచెం జ్వరంగా ఉంది."

"జ్వరమా!"

"రేపు క్లినిక్ తెరవలేనేమో. మీరు రానక్కర్లేదు. నేను... తర్వాత చెప్తాను."

"ఓసి తింగరిదానా! నా జ్వరం నాకే అప్పజెబుతావా?"

"అమ్మా? సరిగా వినపడలేదు..."

"సరే సరే. ఆటంటే ఆటే. చెప్పండి డాక్టరు గారూ, జ్వరం ఎంతుంది?"

"చూసుకోలేదమ్మా."

"చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉందా?"

"...చల్లగానే ఉంది."

"లోపల కాలిపోతోందా?"

"మీకెలా తెలుసు?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! రేపు రాలేరు. మరి ఎల్లుండి?"

"ఎల్లుండి... చూడాలి."

"ఎల్లుండికి ఎక్కువవుతుంది. ఆ జ్వరం నాకు బాగా పరిచయం. అది జ్వరం కాదు నాయనా, భయం."

"భయమా... ఉంటానమ్మా మరి."

"ఏం, అప్పుడే తప్పించుకుంటావా? నువ్వు పెట్టేదాకా నేను పెట్టను."

"అమ్మా, ఒక మాట చెప్తాను. ఎవరితోనూ అనరు కదా?"

"ఎవరితో అంటాను? ఉన్నది మనిద్దరమే అయితే!"

"అవతల ఆస్పత్రిలో మా పెద్ద డాక్టరు గారు నా వెనకే నిలబడేవారు. నేను తడబడితే ఆయన చెయ్యి వచ్చి భుజం మీద పడేది. ఏమీ అనేవారు కాదు. ఆ చెయ్యి చాలేది. ఇవాళ క్లినిక్‌కి వచ్చి కుర్చీ వెనక నిలబడి చూశాను. వెనక్కి తిరిగితే గోడ. కొత్తగా రంగేసిన గోడ. పొద్దున్నించీ దాన్నే చూస్తూ కూర్చున్నాను."

"గోడంటే మన గేటు పక్కదా?"

"ఏ గేటమ్మా?"

"ఏం లేదులే, కానీ. బాగుంది, కానీ."

"పన్ను తియ్యడం నాకొచ్చు. దాని గురించి కాదు. ముందు వాళ్ళతో మాట్లాడాలి చూడండి, అదే రాదు. వాళ్ళు భయంగా నా మొహంలోకి చూస్తారు. చూస్తే నాకు వాళ్ళకన్నా ఎక్కువ భయమేస్తుంది. ఇక ఇద్దరం నోరు తెరుచుకుని ఉండిపోతాం."

"ఓరి పిచ్చి నాయనా! మాట్లాడమని నిన్నెవరు అడిగారు? దానికేగా ముందు బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టింది? వచ్చినవాడు ముందు నన్ను దాటి రావాలి. వాడెవడు, ఏ పన్ను, ఎందుకు వణుకుతున్నాడు, అన్నీ నేను చూసుకుంటాను. దారం, తలుపు కథ చెప్తాను. వాడు నవ్వుకుంటూ లోపలికొస్తాడు. మీరు 'నోరు తెరవండి' అనండి, చాలు. ఆ ముక్క వచ్చుగా?"

"వచ్చు."

"ఇంకేం మరి! వెనక గోడుంటే ఉండనీ. ముందు నేనుంటాను."

"...ఎవరూ రాకపోతే?"

"నేను లేనూ? ఇటువైపు పన్ను కూడా చాన్నాళ్ళుగా జివ్వుమంటోంది. నేనే మొదటి పేషెంటుని. కాకపోతే ఒక్క షరతు. ఈసారి ఏమడగాలన్నా నోట్లో దూది తీశాక అడగాలి. దూది కుక్కి ఉద్యోగం ఇస్తే వద్దని ఎవరు చెప్పగలరండీ?"

"నాకు తెలుసమ్మా. అందుకే అప్పుడడిగాను."

"ఆఁ?"

"తీశాక అడిగితే వద్దంటారని భయమేసింది. ఆ రోజు మీరు హాల్లో నవ్వించి పంపినవాళ్ళెవరూ నా కుర్చీలో వణకలేదు. వాళ్ళు వణకలేదని నా చెయ్యీ వణకలేదు. మీరు లేకపోతే నేను క్లినిక్ పెట్టేవాడినే కాదమ్మా."

"...అబ్బ. ఏం అల్లావే! కళ్ళలో నీళ్ళు తెప్పించావు, పో."

"అల్లలేదమ్మా, నిజమే."

"సరేలే. రేపు తాళం నేనే తీస్తాను. తొమ్మిదింటికల్లా మీరు రావాలి. జ్వరం, గిరం అంటే ఊరుకునేది లేదు."

"వస్తే... మీరుంటారు కదమ్మా?"

"ఉంటాను."

"తప్పకుండా?"

"మాటిచ్చానుగా! తలుపు తీసి పెట్టుకుని అక్కడే ఉంటాను. ఇంక ఆలోచించకుండా తిని పడుకో, తింగరిదానా."

"...అలాగేనమ్మా."

"పెట్టేసింది. హమ్మయ్య! రావే, రా రా, నాటకాలదానా! ఎలా మాట్లాడాను? నువ్వు పెట్టాకే పెట్టాను చూశావా? రాంగ్ నంబర్ అనలేదు. ఉప్పునీళ్ళు నాలిక చివరిదాకా వచ్చాయి, మింగేశాను!"

"ఏం మాట్లాడారు అత్తయ్యా? ఎవరితో?"

"చాల్లే, ఇంకా ఆపవా వేషం? గోడ ముక్క భలే కలిపావు. ఆ దూది సంగతయితే మరీనూ."

"ఏ గోడ? ఏ దూది? నేను మెట్ల దగ్గరుండగానే ఎదురింటావిడ పట్టుకుంది. వాళ్ళ పిల్లి మళ్ళీ పోయిందట. అది దొరికేదాకా నన్ను వదల్లేదు. తీరా గేటు దగ్గరికెళ్ళి మీకు చేద్దామని చూసుకుంటే, నా ఫోనేదీ? ఇక్కడే మర్చిపోయాను. అదుగో, ఫ్రిజ్ మీద చార్జింగ్‌లోనే ఉంది. ఉండండి, పట్టుకెళ్ళి ఇప్పుడు చేస్తాను."

"...ఏమే."

"ఆఁ?"

"నా ఫోను కాస్త తిప్పి చూడు."

"మీరే చూడొచ్చుగా."

"నా వల్ల కాదు. నువ్వే చూడు."

"చూస్తున్నా... అత్తయ్యా. 'పళ్ళ డాక్టరు' అని ఉంది. చాలాసేపే మాట్లాడారు. ఏమన్నారు మీరు ఆయన్ని?"

"తింగరిదానా అన్నాను."

"డాక్టరు గారినా!"

"రెండుసార్లు. తిని పడుకోమని కూడా చెప్పాను."

"అయ్యయ్యో! ఆయనేమన్నాడు?"

"అలాగేనమ్మా అన్నాడు... నవ్వకే! నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు ఇక్కడ."

"నవ్వట్లేదు, నవ్వట్లేదు. సరే, ఒట్టంటే ఒట్టే. ఫోన్ నేను చేస్తాను. మా అత్తగారికి జ్వరం తలకెక్కి ఏదేదో అనేశారు, ఏమీ అనుకోకండి, రేపు రాలేరు అని చెప్తాను. ఇటు జరగండి."

"వద్దు."

"వద్దా? పొద్దున్నించీ నా ప్రాణం తీసి, ఇప్పుడు వద్దంటారేమిటి! గుండె దడ తగ్గిందా?"

"ఎక్కడే, ఇంకా ఎక్కువైంది. దాని దారిన దాన్ని కొట్టుకోనీ. ఆ తాళంచెవి ఎక్కడ పెట్టానో చూడు ముందు."

"ఇంత భయపడుతూ ఎందుకత్తయ్యా వెళ్ళడం?"

"నేను వెళ్ళకపోతే ఆయన కూడా రాడే."